బడికి దవడ నమూనా కొంటున్నారా? కొనే ముందు చూడాల్సినవి, కొన్నాక సరిదిద్దాల్సినవి

గులాబీ రంగు చిగుళ్ళు, తెల్లటి ప్లాస్టిక్ పళ్ళు, వెనకాల కీలు, పక్కన మూరెడు బ్రష్. పిల్లలకు పళ్ళ రకాలు చెప్పడానికి బళ్ళు ఎక్కువగా కొనే బొమ్మ ఇదే. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో బడి సామగ్రి దుకాణాల్లో అడిగితే తెప్పించి ఇస్తారు. హైదరాబాద్ కోఠి వైపు వైద్య పుస్తకాలు, పరికరాలు అమ్మే చోట నాలుగైదు రకాలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనూ ఉంది, కానీ ఫోటో చూసి కొంటే పళ్ళ ఆకారం తెలియదు. ఈ బొమ్మ విలువంతా ఆ ఆకారంలోనే ఉంది.

కొనదగ్గ వస్తువే. నలభై మంది పిల్లలకు ఒకేసారి కనిపించేంత పెద్ద నోరు ఇంకెక్కడా దొరకదు. చార్టు మీద చూసిన చర్వణకం, అంటే వెనకాల నమిలే దవడ పన్ను, ఒక గుండ్రటి గీత మాత్రమే. నమూనాలో వేలు పెట్టి తడిమితే దాని మీది గుంతలు, గుబ్బలు చేతికి తెలుస్తాయి. అయితే బొమ్మను బల్ల మీద పెట్టి "ఇవి కుంతకాలు (ముందు పళ్ళు), ఇవి రదనికలు (కోరపళ్ళు)" అని చెప్పి ఊరుకుంటే రెండు మూడు తప్పులు పిల్లల బుర్రలో గట్టిగా నాటుకుంటాయి. అందులో రెండు మన జిల్లాల పిల్లలకు మరీ నష్టం చేసేవి.

ముందు లెక్క సంగతి. చాలా నమూనాల్లో 28 పళ్ళే ఉంటాయి. పుస్తకంలో 32 అని ఉంటుంది. పిల్లలు తప్పకుండా లెక్కపెడతారు, అక్కడే పాఠం ఆగిపోతుంది. తేడా వచ్చిన నాలుగూ జ్ఞానదంతాలు, అంటే పైన రెండు, కింద రెండు చివరి చర్వణకాలు. అవి 17 ఏళ్ళు దాటాక వస్తాయి, కొందరికి దవడలో చోటు చాలక లోపలే ఉండిపోతాయి. చెప్పగలిగితే 28 పళ్ళ బొమ్మతో ఇబ్బంది లేదు. రెండూ దొరికితే మాత్రం 32 ఉన్నదే తీసుకోండి. కుంతకాలు 8, రదనికలు 4, వాటి వెనకుండే అగ్రచర్వణకాలు 8, చర్వణకాలు 12 అని లెక్క సరిగ్గా కుదురుతుంది. ఒక పక్క పై దవడ సగం మాత్రం చూపిస్తే 2, 1, 2, 3. ఈ అంకెల వరుసే దంతసూత్రం, దాన్ని కంఠస్థం చేయించే పనే ఉండదు, పిల్లలే వేలితో చదువుతారు.

దుకాణంలో డబ్బు ఇచ్చే ముందు బొమ్మ నోరు మూసి పక్క నుంచి చూడండి. పై పళ్ళ వరుస కింది వరుసకు కాస్త బయటికి ఉండాలి. ముందు పై పళ్ళు కింది పళ్ళను కొంచెం కప్పాలి. చవక రకాల్లో రెండు వరుసలూ డబ్బా మూత పెట్టినట్టు అంచుకు అంచు ఆనుకుంటాయి. అలాంటి దాంతో కత్తెర కదలిక చూపించలేరు, ఎందుకంటే కుంతకాలు తెగ్గోసేది పై అంచు కింది అంచును రాసుకుంటూ జారడం వల్లే.

తర్వాత ముందు పళ్ళు. పై వరుసలో నడిమి రెండూ వాటి పక్కవాటికంటే వెడల్పుగా ఉండాలి. కింది వరుసలో నడిమి రెండూ నోట్లోకెల్లా చిన్నవి. నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టుంటే వదిలేయండి. పై కోరపన్ను మొన తేలి, పక్క పళ్ళకంటే కొద్దిగా కిందికి దిగి ఉండాలి. దాని వెనక రెండు అగ్రచర్వణకాలకు నడుమ గీటు, రెండు గుబ్బలు కనబడాలి. వాటి వెనక చర్వణకాలకు నాలుగైదు గుబ్బలు. ఎక్కువ బొమ్మలు చెడిపోయేది ఈ అగ్రచర్వణకాల దగ్గరే, తయారీదారులు వాటిని చిన్న చర్వణకాల్లాగే పోసేస్తారు. మామూలు మాటల్లో మనకూ వాటికి వేరే పేరు లేదు, అన్నీ దవడ పండ్లే. కాబట్టి బొమ్మలో తేడా లేకపోతే పిల్లలకు ఆ తేడా ఎప్పటికీ అందదు.

ఇక కీలు. ఈ బొమ్మలో పెద్ద లోపం ఇదే, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. కీలు వల్ల దవడ తలుపులా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, అంతే. మన కింది దవడ అలా పనిచేయదు. పక్కలకు జరుగుతుంది, కొంచెం ముందుకూ వస్తుంది. చర్వణకాలు మెత్తగా నూరేది ఆ పక్కవాటు కదలికతోనే. ఇసుర్రాయిని పైకీ కిందికీ ఎత్తి దించితే జొన్నలు పిండి అవుతాయా? తిప్పాలి కదా. అందుకని బిగింపు స్క్రూ ఉన్న బొమ్మనే ఎంచుకోండి. పాఠంలో ఈ భాగం రాగానే స్క్రూ తీసి, పై దవడ ఒక చేత్తో, కింది దవడ ఇంకో చేత్తో పట్టుకుని, మధ్యలో తడిపిన కాగితం ముక్క పెట్టి కింది దవడను పక్కలకు జరపండి. కాగితం నలిగి చిరుగుతుంది. పైకీ కిందికీ మాత్రమే కొడితే అచ్చులు పడతాయి కానీ చిరగదు. తీగతో శాశ్వతంగా బిగించిన బొమ్మలో ఇది కుదరదు.

కీలుతోనే ఇంకో పొరపాటు. బొమ్మను బల్ల మీద పెడితే కింది దవడ కదలదు, పైది లేస్తుంది. పిల్లలు నమిలేటప్పుడు పై దవడ కదులుతుందనుకుంటారు. అందుకే బొమ్మను ఎప్పుడూ పై దవడ పట్టుకుని గాల్లో చూపించాలి, కిందిది వేలాడుతూ కదలాలి. పిల్లలను చెవి ముందు వేలు పెట్టుకుని నోరు తెరిచి మూయమంటే కీలు ఎక్కడుందో వాళ్ళకే తెలిసిపోతుంది.

పేర్లు చెప్పడానికి ముందు ఏదో ఒకటి తినిపించండి. జామకాయ ముక్క కొరికితే ముందు పళ్ళు, ఎండు కొబ్బరి ముక్క తుంచాలంటే పక్కకు తిప్పి కోరపన్ను, వేయించిన పల్లీలైతే సరాసరి వెనక్కి. ఒక్కో పదార్థం నోట్లో పెట్టుకుని ఏ పన్ను దగ్గర ఆగిందో వేలితో చూపించమనాలి. ఆ తర్వాతే బొమ్మ మీద అదే పన్ను వెతకాలి. ఈ వరుస తారుమారు చేస్తే పిల్లలు పేరు నేర్చుకుంటారు, పని నేర్చుకోరు. ఊగుతున్న పన్ను ఉన్న పిల్లలకు కొబ్బరి, పల్లీలు వద్దు. పల్లీలు పడని పిల్లలున్నారేమో ముందే అడిగి తెలుసుకోవాలి.

పేర్ల విషయంలో ఒక మాట. మన దగ్గర పిల్లలు ఇంట్లో "పండ్లు తోముకునుడు" అంటారు. పుస్తకంలో దంతాలు అని, కుంతకాలు, రదనికలు అని ఉంటుంది. మొదటి రోజు ముందు పండ్లు, కోర పండ్లు, దవడ పండ్లు అనే చెప్పండి. పుస్తకం పేర్లు బొమ్మ మీద స్టిక్కర్లుగా రెండో రోజు అంటించండి, నాలుగు రకాలకు నాలుగు రంగులు. పర్మనెంట్ మార్కర్‌తో మాత్రం రాయకండి, ఆ ప్లాస్టిక్ మీద నుంచి పోదు. పోగొట్టాలని స్పిరిట్ రుద్దితే చిగుళ్ళ రంగు కూడా లేచి వస్తుంది.

గొర్రెలు, మేకలు ఉన్న ఇళ్ళ పిల్లలకు ఈ పాఠంలో సగం ముందే తెలుసు. పాలమూరు పల్లెల్లో గొర్రె కొనేటప్పుడు నోరు తెరిచి "రెండు పండ్లదా, నాలుగు పండ్లదా" అని చూస్తారు. వాళ్ళు లెక్కబెట్టేది పాల కుంతకాలు రాలి వాటి చోట వచ్చిన పెద్ద పళ్ళను. గొర్రెకు ఆ ముందు పళ్ళు కింది దవడలోనే ఎనిమిది. పైన ముందు వైపు పళ్ళే ఉండవు, గట్టి చిగురు మెత్త ఉంటుంది. బొమ్మలో పై కుంతకాలను అరచేత్తో మూసి "ఇప్పుడు ఇది ఏ నోరు?" అని అడగండి. గొర్రె గడ్డిని కొరకదు, ఆ మెత్తకు అదిమి పట్టి గుంజుతుంది అనే సంగతి చెప్పేది కాపరుల పిల్లలే.

ఇప్పుడు మొదట అన్న రెండు నష్టాల్లో మొదటిది. ఈ బొమ్మ పెద్దవాళ్ళ నోరు. ముందు కూర్చున్న పిల్లల నోళ్ళు అలా ఉండవు. రెండో తరగతి పిల్లకు అగ్రచర్వణకాలు ఒక్కటీ ఉండవు. పాలపళ్ళు మొత్తం 20, అందులో కుంతకాలు 8, రదనికలు 4, పాల చర్వణకాలు 8. ఆరేడేళ్ళ వయసులో ముందు పళ్ళు ఊడటం మొదలవుతుంది. అదే సమయంలో, ఏ పన్నూ ఊడకుండానే, వరుస చివరన నాలుగు కొత్త చర్వణకాలు వస్తాయి. ఏదీ ఊడలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. పుచ్చినా "పాల పన్నే కదా, ఊడిపోతుందిలే" అని వదిలేస్తారు. అది ఊడేది కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను. నమిలే బరువులో ఎక్కువ భాగం మోసే పన్ను. మీద లోతైన గాట్లు ఉండటం వల్ల మొదట పుచ్చేదీ తరచుగా అదే. పెద్దల బొమ్మ ఈ సంగతి చెప్పలేదు.

దీనికి కొనాల్సిందేమీ లేదు, చేయాల్సిందే ఉంది. చెరువు మట్టి రెండు గుప్పిళ్ళు తీసుకుని గుర్రపు లాడం ఆకారంలో రెండు దవడలు చేయించండి. మట్టి ఎండి బీటలు వారకుండా కొద్దిగా ఊక కలపాలి. పాఠం జరిగినన్నాళ్ళూ తడిగుడ్డ కప్పి ఉంచాలి, గింజలు గుచ్చాలన్నా పీకాలన్నా మట్టి మెత్తగా ఉండాలి కదా. కుంతకాలకు మక్క గింజలు, అచ్చంగా పలక ఆకారమే. కోరపళ్ళకు గుమ్మడి గింజలు, మొన పైకి వచ్చేట్టు. అగ్రచర్వణకాలకు శనగలు. చర్వణకాలకు చింతగింజలు.

మొదట పాలపళ్ళ నోరు పెట్టించాలి. 8 మక్క గింజలు, 4 గుమ్మడి గింజలు, 8 చింతగింజలు. శనగలు లేవు. తర్వాత ఆరేళ్ళ వయసు: దేన్నీ పీకకుండా నాలుగు మూలలా వెనకాల ఒక్కో చింతగింజ గుచ్చాలి, మొత్తం 24. ఆ నాలుగింటికి పసుపు రాసి గుర్తు పెట్టండి. ఆపైన ముందు మక్క గింజలు తీసి కొంచెం పెద్ద మక్క గింజలు పెట్టాలి, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ లోపు జరిగేది అదే. పదేళ్ళ నుంచి పన్నెండు వరకు పాత చింతగింజలు ఎనిమిదీ పీకి వాటి చోట శనగలు పెట్టాలి. ఇక్కడే పిల్లలు ఆశ్చర్యపోతారు, పాల చర్వణకం ఊడిన చోట వచ్చేది చర్వణకం కాదు, అగ్రచర్వణకం. కోరపళ్ళు కూడా ఇంచుమించు ఈ వయసులోనే మారతాయి. పన్నెండు పదమూడేళ్ళకు వెనక ఇంకో నాలుగు చింతగింజలు పెడితే 28. చివరి నాలుగు పక్కన పెట్టి ఉంచండి, ఇంకా రాలేదు కదా. ప్లాస్టిక్ బొమ్మను ఇప్పుడు పక్కన పెడితే అది ఎవరి నోరో పిల్లలకు తెలుస్తుంది.

రెండో నష్టం తెలుపు. బొమ్మ పళ్ళు ముత్యాల్లా ఉంటాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల వైపు బడిలో ఈ బొమ్మ చూపించి "శుభ్రంగా తోముకుంటే ఇలా ఉంటాయి" అన్నారంటే, గార పండ్లున్న పిల్ల నోరు మూసుకుని తల దించుకుంటుంది. ఆ మాట తప్పు కూడా. గార పండ్లు ఫ్లోరోసిస్ వల్ల వచ్చేవి, మురికి కాదు. పన్ను పై గట్టి పొర, ఎనామిల్, చిగురు లోపల తయారవుతున్న రోజుల్లో తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర సరిగా గట్టిపడదు. బయటికి వచ్చేటప్పుడే సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు, అడ్డ చారలు ఉంటాయి, తర్వాత గోధుమ రంగు తేలుతుంది, ముదిరితే గుంటలు పడతాయి. జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాల పైభాగాలు పుట్టుక నుంచి సుమారు ఎనిమిదేళ్ళలోపే తయారవుతాయి, కాబట్టి జరిగేది ఆ వయసులోపే జరుగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అని భారతీయ ప్రమాణం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా "నల్లగొండ పద్ధతి" అనే పేరు నిలిచిపోయిందంటే ఈ నేల బాధ ఎంతటిదో అర్థమవుతుంది.

అందుకే గార పన్నును చిగురు పక్కన అంటుకునే పాచితో కలపకుండా విడిగా చెప్పాలి. తేడా చూడటం సులువు. పాచి, అది గట్టిపడి కట్టిన పెంకు చిగురు అంచున, ముఖ్యంగా కింది ముందు పళ్ళ లోపలి వైపు పేరుకుంటాయి. ఫ్లోరోసిస్ చారలు పన్ను ముఖం మీద అడ్డంగా, కుడి ఎడమల ఒకే జత పళ్ళకు ఒకేలా కనబడతాయి. పాచి బ్రష్‌తో పోతుంది. గట్టిపడినది దంత వైద్యులు తీస్తే పోతుంది. ఫ్లోరోసిస్ రంగు తోమితే పోదు. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు పెట్టి గట్టిగా రుద్దితే ఉన్న ఎనామిల్ అరుగుతుంది, అరిగింది మళ్ళీ రాదు. ఈ వాక్యం పిల్లల చేత ఇంటికి మోయించాల్సిన వాక్యం. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చే ఇంట్లో తాగడానికీ వంటకూ ఆ నీళ్ళే వాడితే, ఇంకా పళ్ళు తయారవుతున్న చెల్లెలికో తమ్ముడికో మేలు. బోరు నీళ్ళు తీయగా ఉన్నాయని తాగొద్దు, ఫ్లోరైడ్ నాలుకకు తెలియదు.

అద్దం చూసే పని ఉంటే ఒక్కొక్కరికి చిన్న అద్దం ఇవ్వండి, పక్కవాళ్ళ నోరు లెక్కపెట్టించకండి. బొమ్మ పళ్ళకు గోధుమ రంగు పూసి "చెడ్డ పన్ను" అని చూపించడం అసలే వద్దు.

బ్రష్ సంగతికి వస్తే, బొమ్మతో వచ్చే పెద్ద బ్రష్ చూడటానికి బాగుంటుంది, దాని కుచ్చు మాత్రం మరీ గట్టిది. చిగుళ్ళ రంగు ముందు లేచేది దానివల్లే. నెమ్మదిగా, చిన్న చిన్న గుండ్రటి తిప్పుళ్ళు చూపించడానికి సరిపోతుంది. అడ్డంగా రంపం కోసినట్టు రుద్దడం చూపించకండి, పిల్లలు చూసిందే చేస్తారు. గోధుమ పిండి ముద్ద కొద్దిగా పళ్ళ సందుల్లో అదిమి తోమించండి. పన్ను ముఖం మీదిది పోతుంది, సందులోది మిగులుతుంది. దారం పెట్టి లాగితే అదీ వస్తుంది. బ్రష్ ఎక్కడ ఓడిపోతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపించే దారి లేదు. పాచి అని చెప్పడానికి పసుపు పూస్తుంటారు కొందరు, ఆ మరక ప్లాస్టిక్‌ను వదలదు. పిండి ఎండిపోతే చల్లని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి. వేడి నీళ్ళు పోస్తే అంటించిన పళ్ళు కదులుతాయి. పేస్టు ఎంత అన్నది కూడా ఇక్కడే చూపించాలి, మూడేళ్ళు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత. మింగకుండా ఉమ్మాలి. ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళో ఆరేళ్ళ లోపు పిల్లలకు ఏ పేస్టు వాడాలో దంత వైద్యులను అడిగి తీసుకోవాలి.

పళ్ళు ఊడదీసి మళ్ళీ బిగించే రకం కూడా ఉంది, దంత వైద్య విద్యార్థులు వాడేది. ధర చాలా ఎక్కువ. కోరపన్ను వేరు మిగతా వాటికంటే పొడుగని, పై చర్వణకాలకు మూడు వేళ్ళు, కింది వాటికి రెండు వేళ్ళని చూపించగలిగేది అదొక్కటే. హైస్కూలుకైతే పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ప్రాథమిక పాఠశాలకు వద్దు, నెల తిరిగేలోపు రెండు పళ్ళు పోతాయి, విడి పళ్ళు అమ్మేవాళ్ళు దగ్గర్లో దొరకరు. దాని బదులు నిలువునా రెండు చెక్కలయ్యే ఒంటి చర్వణకం నమూనా కొనండి. పుచ్చు పై పొరలో ఉన్నంతకాలం నొప్పి ఎందుకు తెలియదో, లోపలి నరం దాకా వెళ్ళాక ఎందుకు నిద్ర పట్టదో ఆ రెండు చెక్కలు చెప్పేస్తాయి.

కుడి ఎడమల గురించి చివరగా. బొమ్మ పిల్లలకు ఎదురుగా ఉంటుంది కాబట్టి వాళ్ళ కుడి వైపు కనిపించేది బొమ్మకు ఎడమ. కింది దవడ కుడి చివర చిన్న కాగితం మీద "కుడి" అని రాసి అంటించండి. దంత వైద్యుల చీటీలో తరచుగా పన్ను పేరు ఉండదు, రెండంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకె నోటి భాగం, మనిషికి కుడి పై భాగం 1, ఎడమ పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. రెండో అంకె మధ్య నుంచి లెక్క. 46 అంటే కుడి కింద ఆరో పన్ను, ఆరేళ్ళప్పుడు ఏదీ ఊడకుండా వచ్చిన ఆ చర్వణకం. పాలపళ్ళకు మొదటి అంకె 5 నుంచి 8 వరకు, దాని ముందే ఉండే పాల చర్వణకం 85. మూడో తరగతి పిల్లాడి చీటీలో 85 ఉంటే ఊడాల్సిన పన్ను, 46 ఉంటే ఎలాగైనా కాపాడుకోవాల్సిన పన్ను. ఈ రెండు సంఖ్యలూ బొమ్మ మీద ఆయా చోట్ల స్టిక్కర్లుగా అంటించి, తల్లిదండ్రుల సమావేశం రోజు బొమ్మను బల్ల మీద పెట్టండి.